పక్క నుంచి తీసిన ఫోటో

బ్రాంక్స్,
నవంబరు, 1957

ప్రియమైన హెన్యా అక్కకి,

నువ్వు నూట ఇరవయ్యేళ్ళు చల్లగా బతకాలని కోరుకుంటూ చెల్లెలు బ్రైనా రాస్తున్నది. దేవుడి దయవల్ల ఇక్కడ మేమందరం లేచి తిరుగుతున్నాం. హైఫాలో నువ్వూ, బావగారూ, పిల్లలూ అలాగే ఉన్నారని తలుస్తాను.

నువ్వడిగినవి వరసగా చెబుతాను. మా ఆయన, నీ మరిది కల్మన్ నడుంనొప్పి తగ్గింది. రోజంతా నిలబడి కోట్లు ఇస్త్రీ చేసే మనిషికి ఎంత తగ్గుతుందో అంత తగ్గింది. నువ్వు పంపిన అంజీరు పళ్ళ పొట్లం చేరింది. మా అత్తగారు జెల్దా ఒక పండు నోట్లో వేసుకుని, "మీ అక్క పిసినారి కాదే," అంది. ఆవిడ నోటి నుంచి అంతకన్నా మెప్పు నేనెప్పుడూ వినలేదు.

ఇక మా అమ్మాయి షిఫ్రా ఫోటో సంగతి. ఎదురుగా తీసినవి వద్దు, పక్క నుంచి తీసింది ఒక్కటి పంపు, అందులో అమ్మని చూసుకుంటాను అని రాశావు. అమ్మ ఫోటో ఒక్కటైనా మనకి మిగల్లేదు. నీకూ నాకూ నాన్న మొహమే వచ్చింది. మధ్యలో ఎముక లేచి, కొస కిందికి వంగిన అమ్మ ముక్కు, అమ్మ పేరు పెట్టుకున్న నా కూతురికే వచ్చింది. ఇన్నాళ్ళూ నీకు జవాబు రాయకపోవడానికి కారణం ఆ ఫోటోయే.

బడిలో అది షిఫ్రా కాదు, షర్లీ. ఫోటోకి పక్కకి తిరగమంటే మొహానికి చెయ్యి అడ్డం పెట్టుకునేది. వేసవి సెలవుల తరవాత దాని తరగతిలో కొందరు ఆడపిల్లలు కొత్త ముక్కులతో వచ్చారు. అవునక్కా, ముక్కులే. ఇక్కడ కోసి, చెక్కి, చిన్నవి చేసే డాక్టర్లున్నారు. అందరికీ ఒకే అచ్చు, కొస పైకి తేలి ఉంటుంది.

"నాకూ చేయించండి," అంది ఒక సాయంత్రం, సూప్ గిన్నె ముందు కూర్చుని.

"నీ ముక్కుకేమయిందే? అది మా అమ్మది."

"అమ్మమ్మకి బాగానే ఉండి ఉంటుందిలే. ఆవిడ డాన్సులకి వెళ్ళలేదుగా. అక్కడ నన్ను గోడకి చేరేసిన చీపురులా వదిలేస్తారు."

"అలాంటి కుర్రాళ్ళు మనకెందుకు?"

"మనకా? డాన్సు చెయ్యాల్సింది నేను."

కల్మన్ నవ్వాడు. కాసేపటికి ఆ నవ్వు పోయింది. "ఆఫీసు ఉద్యోగాల్లో మొహం చూసే యూదులమని పోల్చుకుని, పేరడక్కుండానే పంపించేస్తున్నారట. చేయించుకోనీ బ్రైనా," అన్నాడు.

నేను ఇద్దరితోనూ పోట్లాడాను. అరిచాను, అలిగాను, వంట మానేశాను. చివరికి అది గొంతు పెంచకుండానే, "స్టేషన్లో అమ్మమ్మ మీతో ఎందుకు బండెక్కలేదమ్మా?" అని అడిగింది.

ఆ సంగతి దానికి నేనే చెప్పాను. యుద్ధంలో మనం యూదులం కామని దొంగ కాగితాలు పెట్టుకుని బండెక్కే రోజున అమ్మ ప్లాట్‌ఫాం మీదే ఆగిపోయి, "మీ మొహాలతో మీరు దాటిపోతారు. నా మొహం పక్కనుంటే మీరూ దొరికిపోతారు," అన్నది కదా.

"ఆ మొహమే నాకొచ్చింది," అంది నా కూతురు.

దానికేం చెప్పను? నువ్వయితే ఏం చెప్పేదానివి? మర్నాడు డాక్టరు దగ్గరికి నేనే తీసుకెళ్ళాను. నీకు చెప్పలేక దాచింది ఇదే అక్కా. చేయించేశాం.

మొహానికి కట్టుతో, నల్లగా వాచిన కళ్ళతో ఇంటికొచ్చింది. "నన్ను నేను చూసుకోలేను, అద్దాలు కప్పెయ్యి," అంది. దుప్పట్లు తెచ్చి అన్నిటినీ కప్పాను. ఏం చేస్తున్నానో నాకు తట్టనేలేదు.

బుధవారం అత్తగారు చేపల గిన్నెతో వచ్చింది. కప్పిన అద్దాన్ని చూసింది. చావు జరిగిన ఇంట్లో తప్ప అద్దాలు కప్పడం ఆవిడ ఎరగదు. గిన్నె బల్లమీద పెట్టి, శోకానికి కూర్చునే ఆనవాయితీ ప్రకారం జోళ్ళు విప్పేసి, ఖాళీ పళ్ళపెట్టె బోర్లించుకుని దానిమీద కూలబడింది.

"ఎవరే? మీ అక్కా?"

నువ్వే పోయావనుకుంది. ఉత్తరం మొదట్లో నూట ఇరవయ్యేళ్ళు అని గట్టిగా రాసింది అందుకే.

"ఎవరూ పోలేదత్తయ్యా. పిల్ల కప్పమంది."

ఈలోగా ఎదురింటి రోజా పెర్ల్‌మట్టర్ తెరిచి ఉన్న తలుపులోంచి అంతా చూసింది. చావింటికి తెచ్చినట్టే ఉడికించిన గుడ్లు తెచ్చి పెట్టి, నా భుజం నిమిరి, ఏమీ అడక్కుండా వెళ్ళిపోయింది.

"గుడ్లెవరు తెచ్చారమ్మా? నాకాకలేస్తోంది," అంది పిల్ల లోపల్నుంచి, ముక్కుదిబ్బడ గొంతుతో.

నవ్వబోయాను, చేతకాలేదు. నా జోళ్ళు కూడా విప్పేసి అత్తగారి పక్కన నేలమీద కూర్చుండిపోయాను. అమ్మ ఏ ఊళ్ళో పోయిందో, ఏ రోజున పోయిందో తెలియక మనం ఎన్నడూ అద్దాలు కప్పలేదు, నేలమీద కూర్చోలేదు. అత్తగారు నా మొహం చూసింది. ఒక గుడ్డు వలిచి నా చేతిలో పెట్టి, "తినమ్మాయ్," అంది.

కిందటి వారం కట్టు విప్పారు. బాగుంది అక్కా. నిజంగా బాగుంది, అదే నా ఏడుపు. చూడగానే అందంగా ఉందని నాకూ అనిపించింది. దుప్పట్లు అదే లాగేసింది. ఇల్లంతా పాడుకుంటూ తిరుగుతోంది. దాన్నింత సంతోషంగా నేనెప్పుడూ చూడలేదు. తిట్టలేను, మెచ్చుకోలేను. అమ్మ మొహం గుర్తు తెచ్చుకుందామని కళ్ళు మూసుకుంటే సగం వచ్చి ఆగిపోతోంది. ఇదివరకు అలాంటప్పుడు పిల్ల వంక చూసేదాన్ని.

నువ్వు ఫోటో అడిగావని దానికి చెప్పాను. ఎప్పుడూ చెయ్యి అడ్డం పెట్టుకునే పిల్ల, ఈసారి తనే స్టూడియోకి వెళ్ళింది. ఎదురుగా వద్దని వాళ్ళకి చెప్పి మరీ తీయించుకుంది. వెనకాల 'పెద్దమ్మకి, ప్రేమతో, షర్లీ' అని రాసింది. ఈ కవరులోనే పెడుతున్నాను. నువ్వడిగినట్టే, పక్క నుంచి తీసింది.

ఇట్లు,
నీ చెల్లెలు
బ్రైనా