నీళ్ల కోసం వచ్చినవాళ్లు

ప్రియమైన కవానా అన్నయ్యకు,

ఈ ఏడాది మన దీవిలో చినుకు పడలేదు. వాననీటి ట్యాంకు అడుగున బురదే మిగిలింది. దుంపల గుంటల్లో ఉప్పునీరు ఊరి పంట కుళ్లిపోయింది. కొబ్బరి పిందెలు రాలిపోతున్నాయి. నాకు పాలు ఎండిపోయాయి, చంటిదానికి ఏడవడానికి కూడా ఓపిక లేదు.

ఊరు ఖాళీ చేయించి మీ దీవికి చేర్చడానికి ఓడ వస్తోంది. దారిలో తాగడానికి ఎవరి నీళ్లు వాళ్లే తెచ్చుకోవాలట. నాన్న మాత్రం ఎక్కనంటున్నాడు. మన పూర్వీకులు సముద్రాన్ని గెలవడానికి వచ్చిన మొనగాళ్లట, దాహానికి జడిసి పారిపోయే రకం కాదట. ఆయన్ని వదిలి నేనెలా ఎక్కేది? నాకు పిచ్చెక్కుతోంది. ఏదో ఒకటి చెప్పు.

నీ చెల్లెలు,
తెపేరు

చెల్లీ తెపేరూ,

ఈ ఉత్తరం ఆ మొండిఘటానికి చదివి వినిపించు. ఇక్కడ అతియు దీవి చెరువులో మట్టి పరీక్షించేవాళ్లకు పడవ నడుపుతున్నాను కదా. గొట్టం దించి అడుగు బురదను పొరలు పొరలుగా పైకి లాగుతారు. ఒక పొర దాకా మనిషి జాడే లేదు. ఆ పైన మనుషులు పడవల్లో వెంట తెచ్చుకున్న పందుల పెంట ఆనవాళ్లు. అంటే మనవాళ్లు వచ్చేశారన్నమాట. సుమారు వెయ్యేళ్ల కిందటి సంగతి. సరిగ్గా ఆ రోజుల్లోనే, మనవాళ్లు బయల్దేరిన పడమటి దీవుల్లో వానలు ఏళ్ల తరబడి మొహం చాటేశాయంటున్నారు.

మొనగాళ్లూ లేదు, గాడిదగుడ్డూ లేదు. గొంతెండి వచ్చారు. ఇందులో సిగ్గేముంది? కాళ్లూ చేతులూ కట్టైనా సరే, ఆయన్ని ఓడెక్కించు.

ఇట్లు,
మీ కోసం ఎదురుచూసే అన్న

అన్నయ్యా,

చేపల పడవ మాకంటే ముందు బయల్దేరుతోంది. దాంట్లో ఇది పంపుతున్నాను. మేం రేపు ఓడెక్కుతాం.

నీ ఉత్తరం విని నాన్న నవ్వాడు. "ఆ మాటకి బురద తవ్వాలటే? మా తాత ఎప్పుడో చెప్పాడు" అన్నాడు. మరి ఇన్నాళ్లూ ఆ గొప్పలెందుకని నిలదీశాను. అప్పుడు చెప్పాడు. ఆనాడు పడవలో నీళ్లు అందరికీ చాలవు. ముసలివాళ్లు తమ వాటా పడవలో పెట్టి ఒడ్డునే ఉండిపోయారట. ఆ ప్రయాణం మీద కట్టే పాటలో తమ పేర్లు పెట్టొద్దని వాళ్లే మాట తీసుకున్నారట. పేరు తలుచుకుంటే పడవ వెనక్కి తిరుగుతుందని.

"పొగరుబోతు ముసలోడని నన్ను తిట్టుకుంటూ వెళ్లవే. జాలిపడితే నువ్వు ఎక్కవు" అన్నాడు.

అప్పటికే తన నీళ్లన్నీ మా డబ్బాలో పోసేశాడు. ఎప్పటినుంచి తాగడం మానేశాడో, పెదవులు చీలి రక్తం కారుతోంది. కాళ్లు పట్టుకున్నాను. నేనూ ఉండిపోతానన్నాను. చంటిదాన్ని నా చేతుల్లో పెట్టి తలుపేసుకున్నాడు. ఆయన నీళ్లే దాని నోట్లో పోస్తున్నానన్నయ్యా. గుటకలేస్తోంది. నేనేం కూతుర్ని?

రేవుకు రా. దిగేవాళ్లలో నాన్న కోసం చూడకు.

తెపేరు