ఫిరోజా రాయి పల్లవి

నాదెండ్ల,
26-2-1961.

చిరంజీవి కరీముల్లాకు మీ నాయనమ్మ దువా చేసి వ్రాయునది.

ఇక్కడ అందరం క్షేమమని రాయడం ఆనవాయితీ కనుక రాశాను. ఎంతవరకు నమ్మాలో ఉత్తరమంతా చదివి నువ్వే తేల్చుకో. తంజావూరు తిండి ఒంటికి పడుతోందన్నావు, సంతోషం. రంజాన్ నెల, రోజాలు నడుస్తున్నాయి. ఈసారి నాకు ఆకలి పెద్దగా తెలియడం లేదు.

నీ ఉత్తరంలో ఒకచోట పిరోజా, మరోచోట ఫిరోజా అని ఉంది. బడిపంతులమ్మ మనవడినని అక్కడ ఎవరితోనూ అనకు.

మీ గురువుగారు శిష్యులందరినీ తలా ఒక పల్లవి కట్టమన్నారనీ, నువ్వు మీ తాత ఉంగరంలోని రాయి మీద కట్టావనీ రాశావు. దాని గుణం చెప్పమన్నావు. చెబుతాను. అది మెరవదు. కెంపులాగా, పచ్చలాగా లోపలికి చూడనివ్వదు. మా పెళ్లినాడు ఆకాశం రంగులో ఉండేది. మీ తాత చెమటా, తలనూనే తాగి తాగి ఆకుపచ్చబడింది. ఆ మారడం కూడా ఎవరికీ కనబడకుండా మారింది. పెట్టుకున్నవాడికి జబ్బు చేస్తే పాలిపోతుందంటారు. అది అబద్ధం. నేను చూశాను.

ఎట్లా చూశావని అడుగుతావు. రాయక తప్పదు, ఎందుకంటే ఆ పల్లవిని తాత సన్నాయి మీద వాయించి తప్పులు చెప్పాలన్నావు, మీ గురువుగారి ఇంట్లో నువ్వు వాయించేనాటికి ఆయన్ని రైలెక్కించి తీసుకురమ్మన్నావు. ఆయన రాలేడు. కార్తీకంలో పక్షవాతం వచ్చి ఎడమచెయ్యి పడిపోయింది. మాట పోలేదు, నన్ను తిట్టడానికి మిగిలింది. నీకు రాయవద్దని ఒట్టు పెట్టించుకున్నాడు. ఆ ఒట్టు ఈ పూటతో సరి.

ఆ చేతి వేలు వాచి ఉంగరం దిగకపోతే కంసాలిని పిలిపించాను. అతను ఉంగరం కోస్తున్నంతసేపూ మీ తాత గోడవైపు చూస్తూ పడుకున్నాడు. కాసేపటికి, “ఇంకా ఎంతసేపయ్యా, మొదలుపెట్టు” అన్నాడు. అప్పటికే ఉంగరం కంసాలి అరచేతిలో ఉంది. నేను లోపలికి వెళ్లి బియ్యం ఏరుకున్నాను. ఏడుపు రాలేదు. ఊరంతా కళ్లాల్లో మిరపకాయలు ఎండబోశారు, ఆ ఘాటుకు దారినపోయేవాళ్లు కూడా కళ్లు తుడుచుకుంటున్నారు. నాకు అదీ పట్టడం లేదు.

నీ పల్లవి మాత్రం ఆయనకు వినిపించాను. వాయించేవాళ్లు లేరు కనుక నేనే పాడాను. నవ్వకు. స్వరాలు చదవడం వచ్చు. వాటి మీద నువ్వు గీసిన అలల గీతలేమిటో తెలియక వదిలేశాను. పిల్లలకు ఎక్కం చెప్పినట్టు, ఉన్నదున్నట్టు చదివేశాను. మీ తాత కళ్లు మూసుకున్నాడు. నిద్రపోయాడనుకున్నాను.

“ఇంకోసారి పాడు” అన్నాడు.

పాడాను.

“వాడు గాంధారాన్ని ఊపి ఊపి రాయిని వజ్రం చేస్తున్నాడు. ఆ గమకాల గీతలన్నీ తీసెయ్యమని వాడికి ఉత్తరం రాయి. నువ్వు పాడినట్టు, కదలకుండా నిలబెట్టమను.”

“నాకు పాడటం రాక అట్లా పాడాను” అన్నాను.

“వచ్చినవాడికి అదే కష్టం. చేతనైతే వాణ్ణి చెయ్యమను” అన్నాడు.

ఇదే ఆయన దిద్దుబాటు. ఇన్నేళ్ల కాపురంలో ఆయన నా పాట వినడం అదే మొదలు. మెచ్చుకున్నాడో, తప్పుపట్టాడో అడగలేదు.

ఇక ఆయనకు కూడా తెలియనిది ఒకటుంది. రామాలయం ధర్మకర్త బుల్లయ్యగారు మొన్న వచ్చారు. నవమి దగ్గరికొస్తోంది, మీ ఇంటి మేళం లేకుండా కల్యాణం ఎప్పుడూ జరగలేదు అన్నారు. “పంతులమ్మగారూ, కుర్రాణ్ణి పిలిపించండి. ఇకమీదట వాడే వాయిస్తాడు” అన్నారు. నిన్ను పిలిపిస్తే నువ్వు వస్తావు. వస్తే మళ్లీ తంజావూరు వెళ్లవు. తాత మంచం వదిలి నువ్వు కదలవని నాకు తెలుసు. వచ్చినంత విద్యతో ఈ ఊళ్లోనే ఆగిపోతావు.

అందుకని చీరాల మేళానికి తాంబూలం ఇచ్చుకోమన్నాను. బుల్లయ్యగారు బిత్తరపోయి, “ఈ ఒక్క ఏటికేనా?” అన్నారు.

“ఇచ్చింది మళ్లీ అడుక్కోవడం నాకు చేతకాదండీ. వాళ్లకే ఇచ్చేయండి” అన్నాను.

మీ తాత ముత్తాతల నాటి సేవ అట్లా పోయింది. మీ తాతను అడగలేదు. అడిగితే నీకు కబురు పెట్టమనేవాడు. ఇది తప్పో ఒప్పో నాకు తెలియడం లేదు. తెలియాల్సిన చోట ఏమీ తెలియడం లేదు.

నవమినాడు ఆ సన్నాయి మన వాకిట్లోకి వినబడుతుంది. మీ తాత చెవులకు ఏ జబ్బూ లేదు. తొలి పట్టులోనే మనవాళ్లు కాదని పోల్చుకుంటాడు, ఎవరని అడుగుతాడు. చెబుతాను. తిడితే పడతాను, ఏడిస్తే పక్కన కూర్చుంటాను. నువ్వు మాత్రం బయలుదేరవద్దు.

ఇట్లు,
మీ నాయనమ్మ,
జైతున్‌బీ.