కాకి కోసం ఆగకండి

కొవ్వూరు మెయిన్ రోడ్డులో స్టీలు సామాన్ల కొట్టు నడుపుతున్న గున్నేశ్వరరావు అనే నేను, అరవై ఎనిమిదేళ్ల వయసులో, ఎవరి బలవంతమూ లేకుండా, నా చేత్తో రాసుకున్న వీలునామా ఇది. నా బుద్ధి సవ్యంగానే ఉందని రాజమండ్రి డాక్టరు గారు కాగితం ఇచ్చారు. పోయిన ఆదివారం మధ్యాహ్నం దాకా నాకూ ఆ సంగతిలో అనుమానం లేదు. దీన్ని అమలు చేయవలసింది నా కూతురు సాయిసుధ.

1. కొట్టు, దాని పైన మేము ఉంటున్న ఇల్లు సాయిసుధకు సర్వహక్కులతో చెందాలి. సాక్షి సంతకం పెట్టేవాళ్లకు ఏమీ రాయకూడదట. కనుక పక్క కొట్టు పల్లంరాజుకు ఏమీ లేదు. నా నిచ్చెన పట్టుకెళ్లి పదకొండేళ్లయింది, అది చాలు.

2. గిన్నెల మీద పేర్లు చెక్కే మిషను కూడా సాయిసుధదే. ఈ ఊళ్లో కాపురం పెట్టిన ప్రతి ఆడపిల్ల పేరూ నా చేతి మీదుగానే వెళ్లింది. పేర్లంటే నాకెందుకింత పిచ్చో ఎవరికీ చెప్పలేదు. ఇప్పుడు చెప్పక తప్పదు.

3. నాకు ఆరేళ్లప్పుడు మా నాన్న కొట్టు మూసేసి, మమ్మల్ని తీసుకుని, పెద్దయ్య అనే ఆయన గోదావరి లంకలో పెట్టిన ఆశ్రమంలో చేరాడు. అక్కడ పిల్లలకు పేర్లుండవు. కంచం ముందు కూర్చుని నేల మీద వేలితో మూడుసార్లు కొట్టాలి. గోడ అవతలి నుంచి పెద్దయ్య మూడుసార్లు తిరిగి కొడితేనే తినాలి. నా తొమ్మిదో ఏట వరదొచ్చి, పెద్దయ్య తప్ప పెద్దలంతా అవతలి గట్టున చిక్కుకుపోయారు. ఏడుగురు పిల్లలం మూడు రోజులు గోడకేసి చూస్తూ కూర్చున్నాం. ఎదురుగా అన్నం పులిసిపోయింది. మూడో రోజు ధైర్యం చేసి వెళ్లి చూశాను. పెద్దయ్య గోడకు ఆనుకుని చచ్చిపోయి ఉన్నాడు. ఆయన పక్కన కూర్చుని గోడను మూడుసార్లు నేనే కొట్టాను. అందరూ తిన్నారు. జ్వరంతో ఉన్న నా నాలుగేళ్ల చెల్లెలు తినలేదు. దానికి అప్పటికే ఆలస్యమైపోయింది.

ఆ గోడ దాటడానికి నాకు మూడు రోజులెందుకు పట్టిందని ఉషారాణి ఏనాడూ అడగలేదు. ఆ ఏడుగురిలో ఆవిడ ఒకరు. ఇప్పుడు పిఠాపురంలో ఉంటారు. ఎవరైనా తలుపు తడితే నేటికీ ఆవిడకు ఆకలేస్తుంది.

4. పోయిన ఆదివారం నా మనవరాలు హర్షిత, ఏడేళ్లది, కంచం ముందు కూర్చుని బల్ల మీద వేలితో మూడుసార్లు కొట్టింది. వంటింట్లో మంచినీళ్లు పట్టుకుంటున్న నేను గోడను మూడుసార్లు కొట్టాను. అది తినడం మొదలుపెట్టింది. నా చెయ్యి నాకు తెలియకుండానే గోడ మీదికి వెళ్లింది. ఇదెవరు నేర్పారే అని అడిగితే, ఏంటి తాతయ్యా, రోజూ మనం ఇలాగే కదా, స్కూల్లో నువ్వుండవు కాబట్టి బాక్సు తినను అంది. బాక్సు నిండుగా తిరిగొస్తోందని సాయిసుధ రెండేళ్లుగా దానికి ఆకలి టానిక్కు పట్టిస్తోంది.

5. కాబట్టి హర్షితకు ఒక కంచం. పేరు అంచు మీద కాక నడిమధ్యన చెక్కాను, తింటున్నకొద్దీ కనబడాలని. మొదటి అక్షరం వంకర పోయింది, క్షమించాలి. దాంతోపాటు ఒక బుల్లి కంచం, సత్యకుమారి అని. అది మా అమ్మ నా చెల్లెలికి పెట్టిన పేరు. బొమ్మలకు పెట్టి ఆడుకోవచ్చు.

6. ఇది అన్నిటికన్నా ముఖ్యమైన షరతు. పిండం పెట్టి, కాకి ముట్టేదాకా ఇంటిల్లిపాదీ పస్తుండడం మన ఆచారం. నా విషయంలో అది రద్దు. నా శవం ఇంట్లో ఉండగానే హర్షితకు అన్నం పెట్టాలి. అది బల్ల మీద కొట్టి ఎదురుచూస్తే ఎవరూ తిరిగి కొట్టకూడదు, పక్కన కూర్చుని ముందు మీరు తినండి. గోడలోంచి చప్పుడొచ్చినా, అది నేనే అయినా, లెక్కచేయకుండా వడ్డించండి.

కొవ్వూరు, 2025 నవంబరు 19
(సం) గున్నేశ్వరరావు

సాక్షులు:
1. పల్లంరాజు, కొవ్వూరు. నిచ్చెన రేపు పంపిస్తాను.
2. ఉషారాణి, పిఠాపురం. చదివి, భోంచేసి, సంతకం పెట్టాను.