నాన్న వదిలిన పోగులు

1974 ఆగస్టు 2, శుక్రవారం

నా చేతిరాత బాగుండదు. అక్షరాలు కోడి కెలికినట్టు ఉంటాయి. ఒత్తు ఎక్కడ పెట్టాలో నాకు ఎప్పుడూ అనుమానమే. వీధిబడిలో ఐదో క్లాసుతో ఆగిపోయిన చదువు. ఇది చదివేవాళ్లు ఎవరూ లేరు. ఒకవేళ ఎవరి చేతికైనా దొరికితే తప్పులకు తిట్టుకోకండి.

ఈ డైరీ విజయవాడ వన్ టౌన్‌లో నేను పనిచేసిన బట్టల షాపువాళ్లు, పని మానేసినా గుర్తుపెట్టుకుని, జనవరిలో ఇచ్చారు. ఇన్నాళ్లూ ఖాళీగానే ఉంది. నాన్న ఉండగా రాయవలసిన అవసరం రాలేదు. ఏదైనా ఉంటే ఆయనకే చెప్పేవాణ్ణి. చెప్పకపోయినా ఆయనకు తెలిసిపోయేది.

మా నాన్న వెంకటప్పయ్య పోయి పన్నెండు రోజులు. నిన్న పెద్దకర్మ. విస్తళ్లు ఎత్తకముందే తమ్ముడు వెంకటకృష్ణారావు ఆ మాట ఎత్తాడు. మగ్గం తీసేద్దాం అన్నయ్యా, దాని కింద గుంట పూడ్చి సిమెంటు చేయిస్తాను, ముందు గది అద్దెకిద్దాం, వదినా లేదు, నువ్వొక్కడివీ ఈ మంగళగిరిలో ఏం చేస్తావు, బెజవాడ వచ్చి మాతో ఉండు అన్నాడు. వాడు అక్కడ బస్టాండులో క్లర్కు. మంచివాడే. తొందర ఎక్కువ.

నేను తల ఊపాను. ఎటు ఊపానో నాకే తెలియదు. వాడు సరేనన్నట్టు తీసుకున్నాడు.

ఆగస్టు 3

మగ్గం దగ్గరికి వెళ్లాను. చూసి వచ్చేశాను.

ఆగస్టు 4, ఆదివారం

నాన్న పోయే ముందు రోజు చీర దింపాడు. ఎనభై ఆరేళ్లు. ఎడమ కన్ను పూర్తిగా పోయింది. అయినా దింపాడు. చీర కోసుకున్నాక దువ్వెన లాంటి అచ్చు పళ్లలో మిగిలిన పాత పోగులను గుప్పెడు గుప్పెడుగా ముడులు వేసి వదిలాడు. కొత్త చీరకు నిలువు పోగుల పడుగును గంజి పట్టించి, ఆరబెట్టి, చుట్టి పక్కనే పెట్టుకున్నాడు. రేపు అతుకుదాంరా అన్నాడు. తెల్లారేసరికి లేడు.

అతకడమంటే, అచ్చులో ఉన్న పాత పోగు కొసకు కొత్త పోగు కొసను వేళ్లతో మెలిపెట్టి కలపడం. ఒక్కొక్కటే. మూడు వేల పైచిలుకు. అప్పుడు కొత్త పడుగు పాతదాని కొస పట్టుకుని అచ్చులోంచి నడిచి వస్తుంది. నాన్నకు పెళ్లయిన ఏడు తాత ఈ మగ్గం వేశాడు. అప్పటినుంచి ఒక్కసారి కూడా అచ్చు ఖాళీ కాలేదు. ప్రతి పడుగూ ముందుదాని చెయ్యి పట్టుకునే వచ్చింది. యుద్ధంలో నూలు దొరక్క ఎనిమిది నెలలు మగ్గం ఆగింది. అప్పుడు కూడా నాన్న ముడులు తీయలేదు. రోజూ పొద్దున్నే పొడిగుడ్డతో దుమ్ము దులిపి, కాళ్లు దింపుకునే గుంట అంచున కాసేపు కూర్చుని లేచేవాడు.

ఆ ఎనిమిది నెలల్లోనే నేను వన్ టౌన్ షాపులో చేరాను. ముప్పై ఏళ్ల దాకా అక్కడే మిల్లు చీరలు మడతపెట్టాను. రెండేళ్ల క్రితం మానేసి వచ్చేశాను. ఆదివారం ఇంటికొస్తే, ఈ వారం జనం ఏ అంచు అడిగార్రా అనేవాడు నాన్న. అంతే అడిగేవాడు. ఎందుకు పోయావని ఏనాడూ అడగలేదు.

మగ్గం తీస్తే అచ్చు దగ్గర పోగులు కోసేస్తారు. కోయనివ్వను. ఎదురుగా చెప్పలేను కాబట్టి ఇక్కడ రాస్తున్నాను. కోయనివ్వను.

ఆగస్టు 5, ఉదయం

వేళ్లకు బూడిద కావాలి. లేకపోతే పోగు జారిపోతుంది. మా ఇంట్లో బూడిద లేదు. ఇద్దరు ముసలాళ్లు పొయ్యి ఊదలేరని తమ్ముడు కిరసనాయిలు స్టవ్వు కొనిపెట్టాడు. ఎదురింటి చౌడేశ్వరమ్మను అడుగుదామని వెళ్లి వాళ్ల గుమ్మం దగ్గర పావుగంట నిలబడ్డాను. ఆవిడే చూసి ఏమిటంది. చెప్పాను. పొద్దున్నే బూడిద అడగొచ్చిన మగాణ్ణి మిమ్మల్నే చూశాను బావగారూ, గిన్నెలు తోముకుంటారా అంది. మగ్గానికి అన్నాను. ఆవిడ నవ్వడం మానేసి కొబ్బరి చిప్ప నిండా జల్లించి ఇచ్చింది.

అదే రోజు, సాయంత్రం

నాన్న వేసిన మొదటి ముడి విప్పడానికి గంట పట్టింది. గట్టిగా ఉండి కాదు.

అతికినవి నలభై.

ఆగస్టు 7

రెండు వందల పన్నెండు.

నాన్న మెలిపెట్టిన పోగును పెదవికి ఆనించి చూసేవాడు. కంటికి కనపడని లోపం పెదవికి తెలుస్తుందనేవాడు. నేనూ ఆనిస్తున్నాను. గంజి, బూడిద. చిన్నప్పుడు ఆయన ముద్దు పెట్టుకుంటే బుగ్గ మీద ఇదే వాసన.

ఆగస్టు 8

షాపులో చేరడానికి వెళ్లిన రోజు గుర్తొచ్చింది. నా పెట్టె స్టేషన్ దాకా ఆయనే మోశాడు. దారిలో ఒక్క మాట లేదు. నాకు మాటలు రాకపోవడం ఆయన దగ్గర నుంచే వచ్చింది. రైలు కదిలే ముందు నా చొక్కా అంచున దారం వేలాడుతుంటే చూసి, వంగి పళ్లతో కొరికి తెంపాడు. తెంపి జేబులో పెట్టుకున్నాడు. దారం పారేసే మనిషి కాదు.

ఆగస్టు 10

తప్పు చేశాను.

ఆరు వందలు దాటాక పట్టి చూస్తే పైకి లేవాల్సిన పోగు కిందికి పోతోంది. వెనక్కి వెతుక్కుంటూ వెళ్లాను. నూట డెబ్బయ్యో పోగు దగ్గర పాత పోగు ఒకటి వదిలేశాను. అక్కడినుంచి ప్రతి కొత్త పోగూ పక్కదాని జోడును పట్టుకుంది. పెళ్లిపందిట్లో ఒకరి కొంగు ఇంకొకరికి ముడేసినట్టు. నాలుగు వందల యాభై దాకా విప్పాలి. షాపులో ఈ బాధ లేదు. మడత తప్పితే మళ్లీ మడతపెట్టడమే.

చౌడేశ్వరమ్మ వచ్చి చూసింది. ఆ ఒక్కటీ తుంచి పారేసి కానివ్వండి బావగారూ, ఎవరికి తెలుస్తుంది అంది. నాన్నకు తెలుస్తుంది అన్నాను. ఆవిడ చిప్ప తీసుకెళ్లి మళ్లీ బూడిద నింపి తెచ్చింది.

విప్పుతున్నాను.

ఆగస్టు 11, ఆదివారం

పదింటికి ఎద్దుబండి వచ్చి గుమ్మం ముందు ఇసుక పోసింది. బెజవాడ క్లర్కుగారు పంపారండి, శనివారం మనుషుల్ని తీసుకొస్తారంట, గుంట పూడ్పించడానికి అన్నాడు బండివాడు.

శనివారం పదిహేడు. అమావాస్య. మా వీధిలో అమావాస్య నాడు ఏ మగ్గమూ ఆడదు. ఎవరూ గుంటలో దిగరు. నాన్న ఆ రోజు నూలు కూడా తాకేవాడు కాదు. తమ్ముడికి అది తెలుసు. మిగతా రోజుల్లో అయితే నేను మగ్గం వదలనని ఎవరో వాడికి చేరేశారు. అమావాస్యకైతే లేచి అరుగు మీద కూర్చుంటానని వాడి ఎత్తు.

వాడూ నాన్న కొడుకే. తెలివి వాడికి వచ్చింది.

ఆగస్టు 13

వాన. ఇసుక సగం కాలవలోకి పోయింది. నేను ఆపలేదు. గుంటలో చెమ్మ ఊరింది. నాన్నకు ఈ చెమ్మ ఇష్టం. పోగు తెగదు.

ఆగస్టు 16, సాయంత్రం

పన్నెండు వందలు. రేపు ఏం చేయాలో నాన్నను అడుగుదామనుకున్నాను. గోడ మీద ఫోటో లేదు. ఆయన ఎప్పుడూ దిగలేదు.

ఆగస్టు 17, శనివారం, అమావాస్య

పొద్దున్నే స్నానం చేసి గుంటలో దిగాను.

తొమ్మిదింటికి తమ్ముడు వచ్చాడు. వెనకాల పారలతో ఇద్దరు. నన్ను చూసి గడప దగ్గరే ఆగిపోయాడు. అమావాస్య అన్నయ్యా అన్నాడు. తెలుసు అన్నాను. చౌడేశ్వరమ్మ వచ్చి, వెంకటప్పయ్య మావయ్యగారు ఉంటే కాళ్లు విరగ్గొట్టేవారు అంది. వీధి వీధంతా వచ్చింది. నా పెళ్లిలో కూడా ఇంతమంది నన్ను చూడలేదు. తల వంచుకున్నాను. కాళ్లు మాత్రం గుంటలోనే ఉంచాను.

లే అన్నయ్యా, లీవు పెట్టి వచ్చాను, ఈ మనుషుల్ని వేరే పని మాన్పించి తెచ్చాను అన్నాడు. లేవను అన్నాను. పూడిస్తే నాతో కలిపి పూడ్చు అన్నాను. ఆ మాట నా నోట్లోంచే వచ్చింది.

అప్పుడు వాడికి కోపం ఆగలేదు. ముప్పై ఏళ్లు మిల్లు చీరలు అమ్మినవాడివి నువ్వు, ఆయన ఒక్కడూ ఈ గుంటలో కూర్చుంటే నువ్వు ఫ్యాను కింద కూర్చున్నావు, ఆయన పోయాక పుట్టుకొచ్చిందా భక్తి అన్నాడు. అందరూ విన్నారు. అందులో ఒక్క ముక్క అబద్ధం లేదు.

అందుకేరా అన్నాను.

వాడు మనుషుల్ని టీ తాగి రమ్మన్నాడు. చెప్పులు విడిచి లోపలికి వచ్చి నేను అతికిన పోగుల మీద చెయ్యి నడిపాడు. ఇలా కాదు, నాన్న బొటనవేలు కింద పెట్టి తిప్పేవాడు, చిన్నప్పుడు జ్వరమొస్తే ఇక్కడే పడుకుని చూసేవాణ్ణి అన్నాడు. బూడిదలో వేళ్లు ముంచి చూపించాడు. ఒకటి. రెండు. మూడు. నాలుగు. ఆ తర్వాత అమావాస్యని గుర్తొచ్చినట్టుంది, చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. అన్నదమ్ములిద్దరూ చెడ్డారు పొండి అంది చౌడేశ్వరమ్మ.

గది సంగతి తర్వాత చూద్దాం అని బస్సుకు వెళ్లిపోయాడు. ఒప్పుకున్నట్టు కాదు. మళ్లీ వస్తాడు. రానీ.

ఆగస్టు 18

నాన్న నియమం తప్పాను. క్షమించమని అడగను. వచ్చే అమావాస్యకు పారలు వస్తే మళ్లీ దిగుతాను.

ఆగస్టు 25, ఆదివారం

అయిపోయాయి. చౌడేశ్వరమ్మ అటు పట్టుకుంటే నేను ఇటు మెల్లగా లాగాను. అతుకులు అచ్చులోంచి దాటుతుంటే ఊపిరి బిగబట్టాను. పదకొండు తెగాయి. అన్నీ నావే. తమ్ముడివి నాలుగూ దాటాయి. వాడికి చెప్పను. వచ్చినప్పుడు చూసుకుంటాడు.

ఆగస్టు 27

నాన్నా,

రాత చూసి నవ్వకు. నీకు ఎలాగూ చదువు రాదు. నిన్న అడ్డపోగు నాడె విసిరాను. జానెడు దిగింది. మొదటి బెత్తెడు వంకర. కుడి అంచున ఒక పోగు వదులవుతోంది. బిగించాలా, అలాగే నడవనివ్వాలా. నువ్వు ఏం చేసేవాడివో చూసి పెట్టుకోలేదు. మగ్గం ఆపి కూర్చున్నాను. త్వరగా జవాబు రాయి.