పాలలో నల్లచుక్కలు

తమ్ముడూ బెక్‌జాత్,

బ్యారక్‌లో నీకు ఫోన్ ఇవ్వరు గనుక రాస్తున్నాను. ముందే చెప్పేస్తున్నా, నీ పాము బతికే ఉంది.

నువ్వు దాన్ని నా దగ్గర వదిలి మిలిటరీకి వెళ్ళినప్పటి నుంచి అది రోజంతా తన నల్లటి నీళ్ళగిన్నెలోనే పడుకునేది. అల్మాటీ ఎండలకేమో అనుకుని ఊరుకున్నాను. మొన్న నేను పనికి వెళ్ళాక మా అత్తగారు పాము పెట్టె మూత తీసి దాని తల మీద పాలు పోశారు. ఇంట్లోకి వచ్చిన పామును అతిథిగా ఎంచి అలా పాలు పోసి సాగనంపడం మన పెద్దవాళ్ళ మర్యాద కదా. నేను వచ్చేసరికి ఆ గిన్నె ముందే కూర్చుని ఉన్నారు.

"అతిథికి ఒళ్ళంతా పేలు పట్టాయే అమ్మాయ్! చూసుకోవద్దూ?" అని నన్నే కసిరారు.

తెల్లటి పాలలో నల్లచుక్కలు తేలుతున్నాయి, కొన్ని కదులుతున్నాయి కూడా. నల్లగిన్నెలో నాకు ఇన్నాళ్ళూ కనపడలేదు. పశువుల డాక్టరుకు చూపించాను. పొలుసుల సందుల్లో దూరి రక్తం తాగే పురుగులట. నువ్వు ఎవరి దగ్గర నుంచో తెచ్చి పెట్టెలో పెట్టిన పాత కొమ్మతోనే వచ్చి ఉంటాయన్నాడు. కొమ్మ పారేశాను, పెట్టె వేడినీళ్ళతో కడిగి కాగితం పరిచాను, మందు కొట్టాను. గుడ్లు పగిలి కొత్త పురుగులు వస్తూనే ఉంటాయి కనుక నలభై రోజులు కనిపెట్టి ఉండాలట.

నలభై అనగానే అత్తగారు అందుకున్నారు. "పసిబిడ్డకైనా అంతేగా! నలభై నిండేదాకా పరాయివాళ్ళకి చూపించేది లేదు."

సాగనంపడానికి పాలు పోసిన మనిషి ఇప్పుడు రోజూ తెల్లగుడ్డతో దాని ఒళ్ళు తుడిచి చుక్కలు వెతుకుతున్నారు. నీకు సెలవు దొరికినా తొందరపడి రాకు. అత్తగారి పరాయివాళ్ళ జాబితాలో మొదటి పేరు నీదే.

మీ అక్క