ఆవుకి పై అంతస్తు

నెబ్రాస్కా,
మే 1878

సిగ్రి అక్కకి,
నీ చెల్లెలు థోరా రాసేది. మేమంతా కులాసా, నువ్వూ బావా కూడా కులాసాయే అనుకుంటాను. ఇల్లెలా ఉందని అడిగావు. మా ఆయన హాల్వర్ వాగు గట్టు తొలిచి కట్టాడు. మూడు వైపులా మట్టి, ముందు తలుపూ, ఓ చిన్న కిటికీ. ఎండాకాలం చల్లగా ఉంటుంది. వాన పడితే ఇంట్లోకే నీళ్లు. పైన ఆవు, దాని చుట్టూ పూలు.
ప్రేమతో,
థోరా

తా.క.: మన్ను రాలకుండా మంచం పైన తెల్లగుడ్డ కట్టాం. మొన్న అందులో పాము పడింది. మాకంటే హాయిగా ఊగింది.

డెకోరా, అయోవా

థోరాకి,
నీ ఉత్తరం అందిన దగ్గర్నుంచీ నాకు తిండి సహించడం లేదు. ఆవుకి పై అంతస్తా! ఇక్కడ మనుషులకే మేడ లేదు. ఇంట్లోకే నీళ్లా! నేను బావి నుంచి బకెట్లు మోసి చస్తున్నాను. పైన పూలతోట, మంచానికి పందిరి! "హాల్వర్‌వీ చేతులే, మీవీ చేతులే" అన్నాను మీ బావతో. ఆయన పేపరు తిరగేశారు.
నీ మేలు కోరే,
అక్క

తా.క.: పాము సంగతెందుకు రాశావో తెలుసులే. నేను వస్తానని నీ భయం.

నెబ్రాస్కా

అక్కా,
నీకేమైనా పిచ్చా? మేడెక్కడిది? గట్టేదో మా కప్పేదో ఆ ఆవుకి తెలియదు, పైకెక్కి మేస్తుంది. మొన్న దాని వెనక కాలు సరిగ్గా నా పొయ్యి మీదికి దిగింది. వానొస్తే గొడుగు కింద రొట్టెలు కాలుస్తాను. నీది చెక్క నేల, ఊడిస్తే శుభ్రమవుతుంది. నేను ఊడిస్తే గొయ్యి పడుతుంది! నీ ఇల్లు తలుచుకుంటే కడుపు మండుతుంది. నీ పెద్ద కిటికీలు కలలోకొస్తున్నాయి.
కుళ్లుతో,
థోరా

తా.క.: ఆ పూలు మేం నాటినవి కావు. వాటి వేళ్లు లోపల నా జుట్టుకి తగులుతుంటాయి.

డెకోరా

థోరాకి,
ఉన్నవాళ్లు ఉందని ఎప్పుడు ఒప్పుకున్నారు గనక! ఆవు పొయ్యి దాకా వచ్చి పాలిస్తోందన్నమాట. వంటకి గొడుగు పట్టించుకునే దొరసానివి, నన్ను చూసి కుళ్లుకుంటావా? మేం ఇల్లు అమ్మేశాం. మీ బావ ససేమిరా అన్నారు. మాట్లాడడం మానేశాను, సంతకం పెట్టారు. బేరమంతా ప్లీడరే చూశాడు, కొన్నదెవరో కూడా అడగలేదు. బండి కట్టాం, వస్తున్నాం.
అక్క

తా.క.: పై అంతస్తులో తూర్పు గది నాకు. ఆవుని సర్దుకోమను.

డెకోరా

నెబ్రాస్కాలో మా ఇంట దిగిన సిగ్రి అక్కకి,
పైన ఊరి పేరు చూసి కంగారు పడకు. నేను నిద్రలో మీ ఊరిని కలవరించడం విని, హాల్వర్ గోధుమల డబ్బుతో ప్లీడరు చేత ఇక్కడ ఓ ఇల్లు కొనిపించాడట. నాకు మాట మాత్రం చెప్పకుండా తీసుకొచ్చాడు. తలుపు తీస్తే నువ్వు కుట్టిన తెరలు! "ఇది మా అక్క ఇల్లు!" అన్నాను. "నాకేం తెలుసే, ప్లీడరు కొన్నాడు" అన్నాడాయన, నోరెళ్లబెట్టి. మీరు మా ఇంటికే బయలుదేరారని ఇరుగుపొరుగు చెప్పారు; దారిలో మీ బండి ఎక్కడో మా బండికి ఎదురొచ్చే ఉంటుంది.
తిరిగి ఇచ్చెయ్యమంటావని తెలుసు. అక్కా, చిన్నప్పట్నుంచీ నువ్వు విడిచిన గౌన్లే తొడుక్కున్నాను. నువ్వు విడిచిన వాటిలో నాకు సరిపోయింది ఇదొక్కటే. ఇవ్వను.
చెక్క నేల మీద నిలబడి,
థోరా

తా.క.: మీ పక్కింటావిడ వచ్చి వెళ్లింది. నువ్వు చెప్పిన మా మేడ గురించి విన్నప్పట్నుంచీ ఆవిడకి తిండి సహించడం లేదట. వాళ్లూ ఇల్లు అమ్మేశారు. పక్కన ఇంకో గట్టు చూసి ఉంచు.