స్వరూప కూర్చునే పక్క

సెప్టెంబర్ 18, 2024

స్వరూప దినాలు నిన్నటితో అయిపోయాయి. చుట్టాలు వెళ్లిపోయారు. కొట్టంలో మూడు పాడిబర్రెలు, ఇంకా ఈనని ఒక చూడి పడ్డ మిగిలాయి. నేనూ మిగిలాను.

నాకు పాలు పితకడం రాదు. బి.కాం. చదివి కరెంటాఫీసులో రిటైరైనవాడిని. ఈ ఇంట్లో పాలు నా భార్యవి, పేపరు నాది. పొద్దున్నే అరుగు మీద కుర్చీ వేసుకుని హెడ్‌లైన్స్ పైకి చదివేవాడిని. ఆమె పితుకుతూనే, తల తిప్పకుండా జవాబు చెప్పేది. నన్ను ఆఫీసరు సారు అనేది.

ఈ పన్నెండు రోజులూ దూడలే తాగాయి.

సెప్టెంబర్ 19, ఉదయం

సోమయ్యను పెట్టుకున్నాను. గుడిమల్కాపూర్‌లో నాలుగు కొట్టాల్లో పితికే మనిషి. చేయి మంచిదని పేరు. దూడను వదిలాడు, పొదుగు చేపింది, బిందె పట్టుకుని కూర్చున్నాడు. పెద్దబర్రె ఒక్క తన్ను తన్నింది. బిందె గోడకు పోయి తగిలింది. మిగతా రెండూ తన్నలేదు కానీ దిగిన పాలు పైకి లాగేసుకున్నాయి.

అక్క పోయిందని రంది పెట్టుకున్నయి సారూ, గొడ్డుకు గూడ దుఃఖముంటది అన్నాడు సోమయ్య.

నాకు కోపం వచ్చింది. ఎందుకో తెలియదు.

సెప్టెంబర్ 23

అఫ్జల్‌గంజ్‌లో రజాక్ భాయ్ చాయ్ హోటల్‌కు క్యాను నేనే తీసుకువెళ్లాను. సగం కూడా లేదు. ఆయన మూత తీసి చూసి మళ్లీ పెట్టాడు. భాభీ పాలల్ల చమ్చా నిలవడ్తదని గిరాకీలకు షర్తు కట్టి చెప్తుంటి వైకుంఠం భాయ్ అన్నాడు. ఫికర్ చెయ్యకు, దీపావళి దాక వేరే పాలు తెప్పియ్య, ఆ తర్వాత నా హోటల్ నడవాలె గద అన్నాడు.

ఒక చాయ్ ఇచ్చాడు. పల్చగా ఉంది. అడుగుదాకా తాగాను.

సెప్టెంబర్ 27

పురుషోత్తం వచ్చాడు. స్వరూప తమ్ముడు. అతనికీ కొట్టం ఉంది. జల్‌పల్లిలో ఒక ఆసామిని చూశాడట. పడ్డ ఈనగానే నాలుగింటినీ ఒకేసారి కొని తోలుకుపోతాడట. బావా, నీకు కలం పట్టుడు వచ్చు, చన్ను పట్టుడు రాదు, ఎందుకీ తిప్పలు అన్నాడు. నవ్వుతూనే అన్నాడు. తర్వాత చాలాసేపు నా చేయి వదల్లేదు.

సరే అన్నాను.

పడ్డ పేరు బంతి. పుట్టిన నాడే దాని తల్లి చచ్చిపోయింది. స్వరూప సీసాతో పాలు పట్టి పెంచింది. మార్కెట్లో అమ్ముడుపోని బంతిపూలు తట్టెడు తెచ్చి కింద పెడితే నడక కూడా సరిగా రాని దూడ అందులో ముఖం పెట్టి మొత్తం తినేసింది. పేరు అలా వచ్చింది. ఇప్పుడు తొలిచూలు. దాని ఈత చూసి అమ్ముతాను. అంతవరకు నెట్టుకురావాలి.

సెప్టెంబర్ 30

సోమయ్య జేబులోంచి సూది తీశాడు. ఒక్కటి పొడిస్తే పాలు వాటంతట అవే జారుతాయట. వద్దన్నాను. ఇదే సూది పట్టుకుని వచ్చిన ఒకతన్ని స్వరూప చీపురుతో గల్లీ చివరిదాకా తరిమింది. ఆరోజు నేను ఆఫీసులో ఉన్నాను. వారం రోజులపాటు దారిలో కనబడినవాళ్లంతా ఆ కథ చెప్పారు నాకు.

సోమయ్యకు రోషం వచ్చింది. సూది లేని కొట్టం ఈ గల్లీల నీదొక్కటే సారూ అన్నాడు.

వెటకారంగానే అన్నాడు. రాసుకుని చూస్తే వెటకారంలా లేదు.

అక్టోబర్ 1

పెద్దబర్రె ఇవాళ చెంబుడే ఇచ్చింది.

అక్టోబర్ 6, ఉదయం 6:15

ఇది వెంటనే రాసుకోవాలి.

అరుగు మీద కూర్చున్నాను. అలవాటు కొద్దీ ఒక హెడ్‌లైన్ పైకి చదివాను. జవాబు లేదు. తలెత్తాను. బర్రె పొట్ట కింద నుంచి సోమయ్య పాదాలు రెండు కనిపించాయి. పాదాలే. మనిషి అవతల, పితికేవాళ్లంతా కూర్చునే ఎడమ పక్కన ఉన్నాడు.

స్వరూప పాదాలు నేనెప్పుడూ అలా చూడలేదు. నేను చూసింది ఆమె వీపు. నడుముకు చుట్టిన కొంగు, డొక్కకు ఆనించిన తల, మెడ దగ్గర చెమట. పెళ్లయిన దగ్గర్నుంచి రోజూ అదే. ఆమె ఎప్పుడూ ఇవతల పక్కనే, అంటే బర్రెకు కుడి పక్కనే కూర్చునేది.

ఆమెది ఎడమచేతి వాటం. ఊడ్చినా, పలుపు ముడి వేసినా ఎడమ చేత్తోనే. కొత్త కోడలిగా ఎడమ చేత్తో వడ్డించిందని మా అమ్మ గరిటె లాక్కుంది. వడ్డన కుడి చేతికి మార్చుకుంది. బర్రె దగ్గర మాత్రం ఎవరి మాటా వినలేదు. ఈ మూడూ ఆమె చేతి కింద మొదలైనవే. కుడి పక్క తప్ప ఇంకో పక్క మనిషి కూర్చుంటాడని వాటికి తెలియదు.

రంది కాదు. పక్క.

పరుగెత్తి చెప్పాను. సోమయ్య నోరు తెరిచి చూశాడు, తర్వాత పగలబడి నవ్వాడు. పీట ఇటు వేసుకున్నాడు. పెద్దబర్రె ఒకసారి వెనక్కి చూసి నెమరు మొదలుపెట్టింది. తన్నలేదు. కానీ సోమయ్యకు మోకాళ్లు కుదరలేదు, చేతులు కుదరలేదు, సగం పాలు నేల మీదే పోశాడు. నలబై ఏండ్ల చెయ్యి సారూ, ఇప్పుడు తిప్పితె తిరుగుతదా అన్నాడు. నువ్వు కూసో అన్నాడు. నాకు రాదన్నాను. గదే మంచిది, నీకు అలవాటే లేదు గద, ఏ పక్కయితె ఏంది అన్నాడు.

ఇంతకంటే మంచి లాజిక్ నేను కాలేజీలో వినలేదు.

అక్టోబర్ 8

వేళ్లు వాచాయి. పెన్ను నిలవడం లేదు.

అక్టోబర్ 15

రజాక్ భాయ్ క్యాను వాపసు పంపాడు. గోబీ వాసన వస్తోందట. భాయ్, నేను చాయ్ అమ్ముత, గోబీ కూర కాదు అని కబురు.

తప్పు నాదే. మార్కెట్ నుంచి తెచ్చిన గోబీ ఆకు పితికే ముందు వేశాను. పితికాకే వేయాలి. ఆమె అలాగే వేసేది. ముందు పల్లిచెక్క, తౌడు. తర్వాత పాలు. ఆ తర్వాత ఆకు. కళ్ల ముందే జరిగేది. పేపరు అడ్డం ఉండేది.

అక్టోబర్ 24

క్యాను నిండింది.

రజాక్ భాయ్ హోటల్లో అందరి ముందు గ్లాసులో మీగడ వేసి చమ్చా నిలబెట్టాడు. అది నిలబడింది. దేఖో, భాభీ పాలు వాపస్ వచ్చినయ్ అని అరిచాడు. ఎవరో ముక్కూ ముఖం తెలియని పెద్దమనిషి లేచి నాకు సలాం చేశాడు. నేను నా వేళ్ల వైపు చూసుకున్నాను. పెన్ను పట్టిన చోట గట్టిపడిన మచ్చ ఒకటి ఉండేది. ఇప్పుడు బొటనవేలి కణుపు మీద ఇంకొకటి.

నవంబర్ 3

ఇవాళ సదర్, దున్నపోతుల పండుగ. పురుషోత్తం తన దున్నపోతు కొమ్ములకు రంగులేసి, మెడలో పూలదండలు వేసి ఆడించాడట. నేను వెళ్లలేదు. డప్పులు ఇక్కడిదాకా వినిపించాయి.

నవంబర్ 10

ఒక సంగతి ఇప్పుడు తెలిసింది. పీట మీద కూర్చుంటే అరుగు వెనక్కి పడుతుంది. కుర్చీ కనబడదు. వినబడుతుంది అంతే. పొద్దుటి పూట ఆమెకు నేనంటే కాగితాల చప్పుడు.

నవంబర్ 14

పొద్దున్నే పురుషోత్తం వచ్చాడు. ఆసామి తొందరపెడుతున్నాడని చెప్పడానికే అయుంటుంది. నేను పెద్దబర్రె దగ్గర ఉన్నాను. అతను అరుగెక్కి నా కుర్చీలో కూర్చుని పేపరు విప్పాడు. ఆ చప్పుడుకు నా చేతులు ఆగాయి. బర్రె ఆగలేదు. పాలు చుక్కలుగా కారుతూనే ఉన్నాయి.

బావా, ఉల్లిగడ్డ మల్ల పిరమైందట అని కూడబలుక్కుని చదివాడు.

అయితే నువ్వు తినకు, ఉల్లిగడ్డ మీద దయ తలచు అన్నాను. తల తిప్పకుండానే.

అది నా జవాబు కాదు. ఆమెది. ఉల్లిగడ్డ ధర పెరిగినప్పుడల్లా నాతో అనేది.

అతను పేపరు మడిచి పెట్టాడు. ఆసామి సంగతి ఎత్తకుండానే వెళ్లిపోయాడు.

నవంబర్ 21, మధ్యాహ్నం

బంతి ఈనింది.

పొద్దుట్నుంచి మేత ముట్టలేదు. లేస్తూ పడుకుంటూ తిరిగింది. పదకొండు దాటాక ముందు గిట్టలు రెండూ, వాటి మీద ఆనించిన ముక్కూ కనిపించాయి. సోమయ్య చెయ్యి వెయ్యనివ్వలేదు. తొలిచూలు, దాని పని అది నేర్చుకోవాలె అన్నాడు. బంతి ఒక్క అరుపు అరిచింది. దూడ జారి గడ్డిలో పడింది. పెయ్యదూడ. నల్లగా, తడిగా, కోపంగా. బంతి దాన్ని నాకుతూనే ఉంది. తనకు తల్లి లేదు, ఎవరూ నాకలేదు. ఎక్కడ నేర్చుకుంది?

మాయ కూడా పడిపోయింది. దూడ లేచి, రెండుసార్లు కూలబడి, మూడోసారి పొదుగు దొరికించుకుంది. సోమయ్య పంచె కొంగుతో ముఖం తుడుచుకుంటూ, అక్క ఉంటే గల్లీ అంతా జున్ను పంచుతుండె అన్నాడు. పంచుదాం అన్నాను.

జున్నుకు బెల్లం ఉందో లేదో డబ్బా తీసి చూశాను. 

మధ్యాహ్నం 3:00

పురుషోత్తం వచ్చి దూడను చూసి మురిసిపోయాడు. తర్వాత నన్ను పక్కకు పిలిచాడు. ఆసామి ఆదివారం వస్తాడట. బావా, ఆ మూడింటిని ఎట్లనో అట్ల అంటగడ్త, దీని మీద మాత్రం ఇంక ఏ చెయ్యి పడలే, ఇయ్యాల ఏ పక్క కూసుంటె రేపట్నుంచి గదే పక్క, జెర ఎడమ పక్క కూసో, లేకుంటె దీన్ని ఎవ్వడు కొనడు అన్నాడు.

నిజమే చెప్పాడు.

నవంబర్ 21, సాయంత్రం

దూడ తాగాక మొదటి జున్నుపాలకు బిందె తీసుకుని వెళ్లాను. పురుషోత్తం ముందే పీట వేసి ఉంచాడు, ఎడమ పక్కన.

పీట ఇటు, స్వరూప కూర్చునే పక్కకు తెచ్చుకున్నాను. బంతి కదల్లేదు.